కేరళ కంటే పెద్ద జిల్లా ఏది? క్విజ్ ప్రియులకు ఓ హెచ్చరిక

ఆన్‌లైన్ క్విజ్‌లు ఆడేవారికి ఈ ప్రశ్న పాతదే. చాలామంది తడుముకోకుండా ‘బస్తర్’ అనేస్తారు. ఒకప్పుడు అది నిజమే. మధ్యప్రదేశ్‌లో ఉన్నప్పుడు అవిభక్త బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లు దాటేది. కేరళది 39 వేలకు కాస్త తక్కువ.

1998లో బస్తర్ నుంచి కాంకేర్, దంతెవాడ విడిపోయాయి. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు ఆ పాత జిల్లా ఏడు జిల్లాలుగా ఉంది. కాబట్టి నేడు ‘బస్తర్’ తప్పు జవాబు.

అసలు చిక్కు వేరే ఉంది. గుజరాత్‌లోని కచ్ జిల్లా విస్తీర్ణం 45 వేల పైమాటే. అంటే బస్తర్ చెక్కుచెదరకముందు కూడా ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు లేదు.

ప్రశ్నలో సంవత్సరం లేకపోతే సంగతి తెలిసినవారే మార్కు పోగొట్టుకుంటారు. జవాబుతోపాటు ప్రశ్ననూ సరిచూసుకోవాలి.