రెప్పపాటులో వెళ్లిన వీడియో నిజంగా కదిలిందా?

డౌన్‌లోడ్స్‌లో ఉన్న 2 జీబీ వీడియోని అదే డ్రైవ్‌లోని ‘అక్క పెళ్లి’ ఫోల్డర్‌లోకి లాగి చూడండి. రెప్పపాటులో వెళ్లిపోతుంది. పెన్‌డ్రైవ్‌లోకి పంపితే మాత్రం ఆకుపచ్చ గీతది నత్తనడకే. ఎందుకు?

మొదటిసారి వీడియో అసలు కదల్లేదు! ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో రాసుకునే పట్టిక ఒకటి ఉంటుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో దాన్ని మాస్టర్ ఫైల్ టేబుల్ అంటారు. ఆ ఫైలు ఏ ఫోల్డర్‌దన్న వివరం మారిందంతే. డేటా ఉన్నచోటే ఉంది.

పెన్‌డ్రైవ్‌కి తన పట్టిక తనదే. కాబట్టి డేటా మొత్తాన్ని అక్కడ మళ్లీ రాయాలి. మామూలుగా లాగితే విండోస్ వేరే డ్రైవ్‌కి కాపీ మాత్రమే చేస్తుంది. షిఫ్ట్ నొక్కి లాగితే అక్కడ రాసి, ఇక్కడిది తీసేస్తుంది. ఇంట్లోవాళ్ల ఫొటోలకైతే నా ఓటు కాపీకే! అక్కడ తెరుచుకుంటున్నాయని చూశాకే పాతవి తీసేయాలి.

ఇంకో తిరకాసుంది. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా, 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు. ఫైలు సైజు రాసుకోవడానికి అందులో 32 బిట్ల చోటే ఉంది మరి! ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చి ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది. కాకపోతే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరేచోట దాచుకోండి.