నాణెం వేసి చూసే మ్యూజియం

అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఉన్న పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ప్రవేశ రుసుము లేదు. వాలు బల్ల మీద ఉక్కు బంతిని కిందికి జారిపోకుండా కొడుతూ పాయింట్లు సాధించే ఆటే పిన్‌బాల్. లోపలికి వెళ్తే చిల్లర యంత్రాలు కనిపిస్తాయి. డాలరు నోటు పెడితే నాలుగు క్వార్టర్లు, అంటే 25 సెంట్ల నాణేలు రాలతాయి. ఆ నాణేలే ఇక్కడ టికెట్టు. వరసలుగా నిలబెట్టిన వందలాది యంత్రాల్లో నచ్చినదాని ముందు నిలబడి, నాణెం వేసి ఆడుకోవచ్చు. పాతవాటికి ఒకటి రెండు క్వార్టర్లు చాలు, కొత్తవాటికి డాలరు దాకా పడుతుంది. వస్తువులను తాకరాదన్న బోర్డుకు ఇక్కడ పని లేదు. తాకకపోతే చూడటానికే ఏమీ ఉండదు.

దీన్ని నెలకొల్పిన టిమ్ ఆర్నాల్డ్ ఒకప్పుడు మిషిగన్‌లో ఆటల పార్లర్లు నడిపాడు. అక్కడ పోగుచేసిన యంత్రాలతో 1990లో లాస్ వేగాస్ చేరి, 2006లో ట్రాపికానా అవెన్యూలో వాటిని జనం ముందు పెట్టాడు. 2021లో మ్యూజియం లాస్ వేగాస్ బొలివార్డ్ దక్షిణ కొసన, పర్యాటకులు ఫొటోలు దిగే స్వాగత ఫలకానికి దగ్గర్లోకి మారింది. నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. ఖర్చులు పోగా మిగిలింది దానధర్మాలకు వెళ్తుంది. జూదానికి పేరుపడ్డ వీధిలో, డబ్బు తిరిగివ్వని ఈ యంత్రాల దగ్గర జనం చేరడం కాస్త వింతే.

పిన్‌బాల్ మూలాలు 18వ శతాబ్దపు ఫ్రాన్సులో ఉన్నాయి. బిలియర్డ్స్ బల్లను కుదించి, మేకులు దిగ్గొట్టి, కర్రతో గోళీలను గుంతల్లోకి కొట్టే బాగటెల్ అనే ఆటే ఆ మూలం. వేసవి సెలవుల్లో మన పిల్లలు ఉక్కు గోళీలతో ఆడే మేకుల బోర్డు కూడా ఆ వంశంలోదే. కర్రకు బదులు స్ప్రింగు పిడి వాడే బాగటెల్‌కు మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1931లో, డేవిడ్ గాట్లీబ్ తయారుచేసిన బాఫిల్ బాల్ ఒక్క సెంటుతో ఆడనిచ్చి దేశమంతా పాకింది. గోళీ తమకు కావలసిన వైపు వెళ్లాలని ఆటగాళ్లు బల్లను కుదపడం మొదలుపెట్టారు. దానికి విరుగుడే టిల్ట్. ఇనుప రింగు మధ్యలో వేలాడే గుండు ఊగి రింగుకు తగిలిందంటే కరెంటు కలిసి ఆ బంతి ఆట ముగుస్తుంది. మెల్లగా నెట్టడం మాత్రం నేరం కాదు, అదొక విద్య. పిన్‌బాల్ తెలిసినవాడెవరో తెలియనివాడెవరో అక్కడే బయటపడుతుంది.

అయినా అప్పటి యంత్రాల్లో గోళీ వదిలాక చేయగలిగింది తక్కువ. అదృష్టమే ఎక్కువ కాబట్టి ఇది జూదమేనని 1942లో న్యూయార్క్ మేయర్ లా గార్డియా నిషేధించాడు. పోలీసులు పట్టుకున్న యంత్రాలను సుత్తులతో పగలగొట్టించాడు. ఐదేళ్లకు, 1947లో, గాట్లీబ్ కంపెనీ డిజైనరు హ్యారీ మాబ్స్ చేసిన హంప్టీ డంప్టీ యంత్రం ఆ వాదన బలాన్ని తగ్గించింది. దానికి రెండు పక్కలా మూడేసి చొప్పున ఆరు ఫ్లిప్పర్లు, అంటే జారిపోతున్న బంతిని తిరిగి పైకి కొట్టే చేతులు, ఉన్నాయి. కొద్దికాలంలోనే అవి రెండై, బల్ల అడుగుకు చేరాయి. నిషేధం మాత్రం 1976 దాకా సాగింది. ఆ ఏడాది నగర మండలి సభ్యుల ముందు రోజర్ షార్ప్ అనే పాత్రికేయుడు ఆడి చూపించాడు. బంతి ఏ సందులోంచి దిగుతుందో ముందే చెప్పి మరీ పిడి లాగాడు. అలాగే దిగింది, నిషేధం పోయింది.

ఫ్లిప్పర్ పనితీరు చూస్తే ఆ కాలపు ఇంజనీర్ల తెలివి తెలుస్తుంది. బటను నొక్కగానే తీగచుట్టలో పెద్ద కరెంటు పారి ఇనుప కడ్డీని లోపలికి లాగుతుంది, ఫ్లిప్పర్ లేస్తుంది. పూర్తిగా లేచిన మరుక్షణం ఒక చిన్న స్విచ్చి విడిపోయి, కరెంటు సన్నతీగ చుట్ట గుండా పోవాల్సి వస్తుంది. దానితో ఫ్లిప్పర్‌ను పట్టి ఉంచేంత బలమే మిగులుతుంది. ఈ ఏర్పాటు లేకపోతే బటను నొక్కి పట్టుకున్న కాసేపటికే చుట్ట మాడిపోతుంది. 1970ల చివర్లో చిప్‌లు వచ్చేదాకా లెక్కలన్నీ రిలేలవే, అంటే కరెంటుతో కలిసి విడిపోయే స్విచ్చిలవే. అంకెల చక్రాలు గిర్రున తిరుగుతాయి, గంటలు మోగుతాయి, ఉచిత ఆట గెలిస్తే పెట్టెలో ఠప్పుమని దెబ్బ పడుతుంది. ఈ మోతను ఏ వీడియో రికార్డింగూ సరిగా పట్టలేదు.

వీడియో గేములు కూడా ఇక్కడ ఉన్నాయి గానీ పిన్‌బాల్‌దే పైచేయి. ఆ గేముల చరిత్ర పొట్టిది: 1972లో అటారీ పాంగ్, 1978లో జపాన్ నుంచి స్పేస్ ఇన్వేడర్స్, 1980లో పాక్-మ్యాన్. స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగం పెంచడం మొదట అనుకుని చేసింది కాదు. తెరపై బొమ్మలు తగ్గితే ప్రాసెసర్‌కు పని తగ్గి, మిగిలినవాటిని త్వరగా కదిలించింది. తయారుచేసిన తొమొహిరో నిషికాడో దాన్ని సరిదిద్దకుండా ఆటలో భాగంగానే ఉంచాడు.

ఇలాంటి మ్యూజియానికి అసలు పని మరమ్మతు. సుమారు 80 గ్రాముల ఉక్కు బంతి రోజంతా తగులుతుంటే ప్లైవుడ్ మీది రంగు అరిగిపోతుంది, రబ్బరు రింగులు తెగుతాయి, స్విచ్చి మొనలు నల్లబడతాయి. వీడియో గేముల పాత పిక్చర్ ట్యూబులు తయారుచేసేవారు కరువయ్యారు. ఆడిస్తే అరిగే వస్తువును ఆడించడమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ వాడకుండా పక్కన పడేసిన యంత్రంలో గ్రీజు గడ్డకట్టి, రిలేలు బిగుసుకుపోతాయి. నలుగురూ ఆడుతుంటే ఏ లోపమైనా ఆరోజే తెలుస్తుంది.

కాలిఫోర్నియాలోని అలమీడాలో ఉన్న పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం పద్ధతి వేరు. అక్కడ టికెట్టు కొన్నాక నాణేలతో పని లేదు. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఫ్రీమాంట్ నుంచి కారులో ఇట్టే వెళ్లొచ్చు. ఎక్కడికి వెళ్లినా మొదట 1950ల, 60ల యంత్రంతో ఆరంభించి, తర్వాత 1992 నాటి ఆడమ్స్ ఫ్యామిలీ వంటిదాని దగ్గరికి వెళ్లడం మేలు. ఇరవై వేలకు పైగా అమ్ముడైన ఆ యంత్రంలో ర్యాంపులూ అయస్కాంతాలూ కిక్కిరిసి ఉంటాయి. కొత్తవారికి బంతి ఎటు పోయిందో తెలిసేలోపే ఆట అయిపోతుంది.