పాటకు ఇంటిల్లిపాది తీర్పు

ముప్పై ఏళ్ల బ్యాంకు నౌకరీలో దరఖాస్తు చదవకుండా ఒక్క అప్పూ తిరస్కరించలేదని నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఇకమీదట చెప్పుకోలేను. మన సంఘం ఉగాది కార్యక్రమాలు ఖరారు చేసే సమావేశంలో పిల్లలు పెట్టుకున్న అర్జీని చదవకుండానే కొట్టేశాను. అందులో మొదటి సంతకం మా అమ్మాయిది.

వాళ్లడిగింది పది నిమిషాలు. తెలుగు మాటలు కట్టి హిప్ హాప్ పద్ధతిలో చెప్తారట. "పంచాంగ శ్రవణం అయ్యాక ఈ అమెరికా గోలేమిటి?" అన్నది నేనే. కోశాధికారి మాట కదా, మిగతావాళ్లు తలలూపారు. ఇంటికొచ్చాక అమ్మాయి అరవలేదు, అలగలేదు. "నాన్నా, నువ్వు ఒక్క పాటన్న ఇన్నవా?" అంది, అంతే. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా హాలులో విచారణకు కూర్చున్నాం. నేను, మా ఆవిడ, ఎనభై దాటిన మా అమ్మ. పక్కింటి మరాఠీ పెద్దాయన పేపరు కోసమని వచ్చి ఆగిపోయారు. ఆయన చాలా ఏళ్లు పిల్లలకు తబలా నేర్పినవారు.

అమ్మాయి ఎంచుకున్నది ఈనాటి ఆల్బమ్ కాదు. ఫ్యూజీస్ అనే ముగ్గురి బృందం 1996లో తెచ్చిన 'ది స్కోర్'. అంత పాతదెందుకని అడిగితే దాని వెనక ఒక తెలుగుపిల్ల కథ ఉందంది. రాజకుమారి అన్న పేరుతో పాడే శ్వేతా యల్లాప్రగడ రావు 1986లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టింది. చిన్నప్పటినుంచి కూచిపూడి నేర్చుకుంది. అయిదో తరగతిలో ఉండగా ఈ ఆల్బమ్ చెవిన పడి, హిప్ హాప్ దారి పట్టింది. 2023లో 'ది బ్రిడ్జ్' అని తన ఆల్బమ్ తెచ్చింది. అదే ఏడు వచ్చిన 'జవాన్' సినిమా టైటిల్ పాటలో వినిపించే ఆడగొంతు ఆమెదేనట. ఆ పాట మా వీధిలో ప్రతి గణపతి మండపం దగ్గరా విన్నాను. మన పిల్ల గొంతని తెలియక విసుక్కున్నాను కూడా.

నాబోటి వాళ్ల కోసం రెండు ముక్కలు. హిప్ హాప్ పుట్టుక 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్ పేటలో జరిగిన ఒక ఇంటి వేడుకగా చెప్తారు. అక్కడ రికార్డులు తిప్పిన కూల్ హెర్క్ జమైకా నుంచి వలస వచ్చిన కుర్రాడు. పాత రికార్డులో దరువు ముక్క ఒకటి పట్టుకుని, దాన్నే మళ్లీ మళ్లీ వేస్తూ, దాని మీద మాటలు చెప్పడం ఈ విద్య. బుర్రకథలో కథకుడు గుక్క తిప్పుకోకుండా వచనం చెప్పుకుపోతాడే, దానికి దూరపు చుట్టరికం ఉందనిపించింది నాకు.

ఇక ఫ్యూజీస్. ఆ పేరు రెఫ్యూజీస్ అన్న మాటకు కుదింపు, అంటే శరణార్థులు. వైక్లెఫ్ జాన్ హైతీ దేశంలో పుట్టినవాడు, ప్రాజ్ హైతీ తల్లిదండ్రుల బిడ్డ. మూడో మనిషి లారిన్ హిల్, అమెరికా నల్లజాతి అమ్మాయి. 1994లో వచ్చిన వీళ్ల మొదటి ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు. అయినా కంపెనీ రెండోదానికి లక్షా ముప్పై అయిదు వేల డాలర్లు అడ్వాన్సు ఇచ్చింది. వాళ్లు ఆ డబ్బుతో పరికరాలు కొని, న్యూజెర్సీలో వైక్లెఫ్ బాబాయి ఇంటి నేలమాళిగలో రికార్డింగు పెట్టుకున్నారు. మొదటి వాయిదా ఎగ్గొట్టిన ఖాతాకు రెండో అప్పు! నేనైతే సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఒక్క అమెరికాలోనే అరవై లక్షల పైచిలుకు అమ్ముడుపోయింది, 1997లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ బహుమతి వచ్చింది.

పాటలు మొదలయ్యాయి. మొదటి పది నిమిషాలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైన ముక్కల్లో బూతులు రెండు మూడు తగిలాయి. అమ్మాయి నా మొహం చూసి తల దించుకుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి గండం గడిచింది.

తబలా మాస్టారుగారు తొడ మీద తాళం వేస్తూ విన్నారు. ఠేకా మారకుండా ఒకటే నడుస్తోంది, ఇది వాయించడం కాదు, గిర్నీ తిప్పడం అన్నారు మరాఠీలో. కాసేపయ్యాక లారిన్ హిల్ వంతు వచ్చింది. ఆయన చెయ్యి ఆగింది. ఆ అమ్మాయి మాట తాళానికి కాస్త వెనగ్గా వేసి సమం దగ్గర అందుకుంటోందని, మళ్లీ వెయ్యమని అడిగారు. మూడుసార్లు వేయించుకున్నారు.

'కిల్లింగ్ మి సాఫ్ట్‌లీ' పాట వచ్చేసరికి మా ఆవిడ కూరగాయల పళ్లెం పక్కన పెట్టింది. అది 1973లో రాబర్టా ఫ్లాక్ పాడి పేరు తెచ్చిన పాత పాటే, దాన్ని దరువు మీదకెక్కించారు. "పిల్ల గొంతు తేనెలాగుంది. మధ్యమధ్యన ఆ అబ్బాయెందుకు లెక్కలు పెడతాడు? నోరు మూసుకుని ఉండొచ్చు కదా" అంది. ఆ అభిప్రాయం ప్రపంచంలో చాలామందిదేనని అమ్మాయి నవ్వింది.

సరిగ్గా అప్పుడే అమ్మ కళ్లు తెరిచి, "గది సితారు గాదురా?" అంది.

నాకు వినపడలేదు. మళ్లీ వేశాం. నిజమే, దరువు వెనక సన్నగా సితారు పలుకుతోంది. అమెరికా శరణార్థుల పాటలో సితారెందుకు ఉంటుంది? అమ్మాయి వివరం చెప్పింది. 1960ల చివర చికాగోలో రోటరీ కనెక్షన్ అనే బృందం సితారుతో ఒక పాట చేసింది. రవిశంకర్‌గారి ధర్మమా అని అమెరికాలో ఆ వాయిద్యానికి మోజున్న రోజులవి. 1990లో ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్ హాప్ బృందం ఆ ముక్కను తీసుకుంది. వాళ్ల దగ్గరనుంచి ఫ్యూజీస్ తీసుకున్నారు. చెక్కు ఎండార్సుమెంటు లాగా చేతులు మారుతూ అది మా హాలుకొచ్చింది. చేతులు మారినవన్నీ సక్రమంగా మారలేదు లెండి. 'రెడీ ఆర్ నాట్' పాటకు ఐర్లండు గాయని ఎన్యా 1987 నాటి పాట ముక్కను అడక్కుండా వాడుకున్నారు, తర్వాత రాజీ చేసుకోవలసి వచ్చింది.

నాకు మనసు విరిగింది మాత్రం ఇంకోచోట. 'ది బీస్ట్' అనే పాట చివర చైనా హోటలు ఘట్టం ఒకటి పెట్టారు. హోటలువాడి యాసను వెక్కిరిస్తూ నవ్వులాట. ఆపెయ్యమన్నాను. ఏమైందని అమ్మ అడిగితే చెప్పాను. "మనల యండుగుండు అన్నట్టా?" అంది.

మహారాష్ట్రలో పెరిగిన తెలుగువాళ్లెవరికీ ఆ మాట విప్పి చెప్పనక్కర్లేదు. మా తాతగారు ఉస్మాన్‌షాహీ మిల్లులో నేత పనికని ఈ ఊరొచ్చారు. అప్పుడిది హైదరాబాదు రాజ్యం. 1956లో గీతలు మారాయి, మేం ఇవతల ఉండిపోయాం. నాలుగో తరగతిలో నేను నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీ నుంచి యండుగుండు అని వినపడేది. ఏడాదిపాటు అమ్మను బడి గేటు దగ్గరకు రావద్దన్నాను, వస్తే తెలుగులో పిలుస్తుందని. ఎందుకు రావద్దన్నానో అమ్మకు చెప్పలేదు. ఆమెకు తెలుసని ఈ ఆదివారమే తెలిసింది.

శరణార్థులమని పేరు పెట్టుకున్నవాళ్లు ఇంకో వలసవాడి నాలుకను వెక్కిరించడమేమిటని అమ్మాయిని నిలదీశాను. ఆ చోట తనకూ నచ్చదంది. రాగానే దాటేస్తుందట. నచ్చని చోటుందని ఆల్బమ్ మొత్తం పారేస్తావా నాన్నా అని అడిగింది. అలా అయితే మన పాత సినిమాలు ఎన్ని మిగులుతాయో లెక్క వెయ్యమంది. లెక్క నా వృత్తే గాని, వెయ్యలేదు.

తర్వాతి సమావేశంలో అర్జీని మళ్లీ తెరవమని ప్రతిపాదించాను. ఈసారి చదివి వెళ్లాను. రెండు కాగితాలు. బూతు లేదు. అచ్చుతప్పులు నాలుగుంటే దిద్దాను. పల్లవిగా వాళ్లు పెట్టుకున్న మాట యండుగుండు. అమ్మ ఆ మాట అన్న రోజుకి పది రోజుల ముందే రాసుకున్నారట. అంటే మా అమ్మాయి కూడా ఆ మాట పడిందన్నమాట, నాకు చెప్పలేదు.

ఒక పెద్దాయన గట్టిగానే వ్యతిరేకించారు. ఆయన్ను తప్పుపట్టలేను, నెల కిందట నేనన్న మాటలే అన్నారు. తీర్మానం అయిదుకు నాలుగుతో నెగ్గింది. స్పీకర్ల అద్దె వోచరు మీద అక్కడికక్కడే సంతకం పెట్టాను. మొదటి వరుసలో అమ్మకు కుర్చీ వెయ్యమని చెప్పాను. సితారు ఉంటుందా అని ఆమె అడుగుతోంది.