తవ్వకుండానే చరిత్ర ఎలా తెలుస్తుంది?

పురావస్తు శాస్త్రం అంటే పార, గునపమే అనుకోకండి. యానాంలో 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి, ఫ్రెంచివారి నాటి సమాధులు నేల తవ్వకుండానే ఎన్నో సంగతులు చెబుతాయి. మధ్యలో కొన్నాళ్లు ఆంగ్లేయుల చేతికి పోయినా, 1954 దాకా యానాం ఫ్రెంచివారిదే.

యానాం ఉన్న గోదావరి డెల్టా అంతా ఒండ్రుమట్టి. చెక్కడానికి పనికొచ్చే రాయి ఇక్కడ దొరకదు. కాబట్టి సమాధి పలక ఏ రకం రాయో చూస్తే, అది ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించవచ్చు. పలకల మీది తేదీలను వరసగా రాసుకుంటే ఇంకో సంగతి బయటపడుతుంది: కొద్ది నెలల్లోనే చాలామంది పోయి ఉంటే, అంటువ్యాధో ఉప్పెనో వచ్చిందేమోనని వెతకాలి.

మరి అరిగిపోయిన అక్షరాలు చదవడం ఎలా? చీకటి పడ్డాక టార్చిని రాతికి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకోవాలి. ఎదురుగా వేస్తే కనిపించని గీతల్లో నీడ నిండుతుంది. ఒక్కో అక్షరం పైకి తేలుతుంది! నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే.

సమాధులతో పాటు పాత కట్టడాల గోడలనూ గమనించండి. అవి ఎందుకు పొడిపొడిగా రాలతాయి? నేలలోని ఉప్పునీరు ఇటుకల్లోకి పాకుతుంది. నీరు ఆరిపోయాక మిగిలిన ఉప్పు స్ఫటికాలుగా పెరిగి ఇటుకను లోపలి నుంచి పగలగొడుతుంది. సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక నష్టం ఇంకా పెరుగుతుంది.

పాత సమాధి దగ్గరికి వెళ్తే అక్షరాల్లో సుద్ద రుద్దకండి, నాచు గీకకండి. ఫొటో తీసుకోండి, చాలు.