జ్వరం తగ్గాక మిగిలిన బిళ్ళలు
(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మన యిళ్ళల్లో గోడ అలమారులోనో, ఫ్రిజ్ మీదనో ఓ డబ్బా వుంటుంది. అందులో సగం వాడి వదిలేసిన బిళ్ళల అట్టలు, రెండే రెండు గొట్టాలు మిగిలిన స్ట్రిప్పు, ఎప్పటిదో పిల్లల సిరప్పు పోగుపడి వుంటాయి. డబ్బు పోసి కొన్నవి కదా, పారెయ్యటానికి చేతులు రావు. మళ్ళీ యింట్లో ఎవరికో గొంతునొప్పి రాగానే ఆ డబ్బా కిందికి దిగుతుంది. "పోయినసారి దీంతోనే తగ్గింది, ఒకటి వేసుకో" అంటాం. ఆ బిళ్ళ యాంటిబయాటిక్ అయితే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఎందుకు పనికిరాదో, డాక్టరు రాసిచ్చిన యాంటిబయాటిక్‌ను యింట్లో ఎలా వాడుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

మాది రెడ్డిగూడెం. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. మామిడి తోటలు, పత్తి, మిర్చి చూస్తూ పెరిగినవాళ్ళం. పత్తి వేసిన యింటి ఆడవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 1987-88 ప్రాంతంలో కోస్తా జిల్లాల్లో పత్తి మీద శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. అంతకు కొన్నేళ్ళ ముందే వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. అదే మందు కొట్టగా కొట్టగా పురుగు చావటం మానేసింది. మందుకు లొంగే పురుగులు చచ్చి, తట్టుకునేవి మిగిలి, వాటి సంతానమే చేనంతా నిండింది. రైతు కొట్టింది మందే, ఖర్చు పెట్టింది డబ్బే, చేను మాత్రం దక్కలేదు.

మన వొంట్లోనూ యిదే వరస. యాంటిబయాటిక్ చంపేది బాక్టీరియా అనే సూక్ష్మజీవులను. మన గొంతులో, పేగుల్లో అవి కోట్లకొద్దీ వుంటాయి, వాటిలో చాలావాటి వల్ల మనకు మేలే. మందు వేసుకున్న ప్రతిసారీ కొన్ని చస్తాయి, తట్టుకునేవి మిగులుతాయి. అవసరమై వేసుకున్నప్పుడు ఆ నష్టాన్ని భరించాలి, తప్పదు. కాని మామూలు జలుబు, పడిశెం, ఫ్లూ వైరస్ వల్ల వచ్చేవి. పిల్లల నీళ్ళ విరేచనాలు కూడా చాలామటుకు అంతే. వైరస్‌ను యాంటిబయాటిక్ ఏమీ చెయ్యలేదు. అంచేత అక్కడ లాభం సున్న, నష్టం మాత్రం మిగులుతుంది. విరేచనాలకు ముందు కావలసింది ఓఆర్ఎస్ నీళ్ళు.

పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ ఓ వూహాకథ చెప్పాడు. ఒకాయనకు గొంతునొప్పి వస్తుంది. సొంతంగా పెన్సిలిన్ కొని చాలీచాలకుండా వాడతాడు. ఆయన గొంతులోని క్రిములు మందుకు అలవాటు పడతాయి. అవి భార్యకు అంటుకుని ఆమెకు న్యుమోనియా వస్తుంది. అదే మందు ఇస్తే పనిచెయ్యదు, ఆమె చనిపోతుంది. వేసుకున్నది ఆయన, పోయింది ఆవిడ! ఆ మందు బజారులోకి వచ్చిన కొత్తల్లోనే ఆయన ఈ హెచ్చరిక చేశాడు.

ఇక ఎన్ని రోజులు వాడాలన్నది. కోర్సు పొడుగైతే మంచిదని వెనక అనుకునేవారు. ఇప్పుడు చాలా జబ్బులకు తక్కువ రోజులే చాలునని పరిశోధనల్లో తేలింది. అందుకే ఒక డాక్టరు మూడు రోజులకే రాస్తే "ఇంతేనా?" అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. రాసినన్ని రోజులూ వాడాలి, దానికి మించి ఒక్క రోజు కూడా వద్దు. రెండో రోజుకే జ్వరం దిగిపోయిందా, మానెయ్యవచ్చా అని డాక్టర్నే అడగండి; మీ అంతట మీరు ఆపకండి. క్షయ మందుల సంగతి పూర్తిగా వేరు. అవి నెలల తరబడి, ఒక్క రోజు కూడా తప్పకుండా మింగాల్సినవి.

రోజుకు మూడుసార్లు అంటే మనం "మూడు పూటలా" అని అర్థం చేసుకుంటాం. మన పూటలు భోజనాన్ని బట్టి నడుస్తాయి. పొద్దున తొమ్మిదింటికి ఒకటి, ఒంటిగంటకు ఒకటి, రాత్రి ఎనిమిదింటికి ఒకటి వేస్తే, రాత్రి బిళ్ళకూ మర్నాటి పొద్దుటి బిళ్ళకూ మధ్య పదమూడు గంటలు మందు లేకుండా పోతుంది. ఆరింటికి, రెండింటికి, పదింటికి అని పెట్టుకుంటే సరిగ్గా ఎనిమిదేసి గంటలు వస్తాయి. చీటీ మీద 1-0-1 అని వుంటే పన్నెండు గంటల ఎడం. ఒక బిళ్ళ మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతి బిళ్ళ వేళ దగ్గరపడితే పోయినదాన్ని వదిలెయ్యండి. రెండు కలిపి మింగటం మాత్రం వద్దు.

"ఈ బిళ్ళలు వేడిచేస్తాయి, మజ్జిగతో వేసుకో" అని పెద్దవాళ్ళు అంటారు. ఇక్కడ ఓ మెలిక వుంది. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడే, 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. పాలు, పెరుగు, మజ్జిగల్లోని కాల్షియం టెట్రాసైక్లిన్‌ను పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వదు. మందు పొట్టలోకి పోతుందిగాని పని జరగదు. సిప్రోఫ్లాక్సాసిన్‌కూ ఈ పేచీ వుంది. ఐరన్ బిళ్ళలు, కాల్షియం బిళ్ళలు, కడుపులో మంటకు తాగే యాంటాసిడ్లు కూడా అంతే. కాబట్టి వీటికీ మందుకూ ఎంత ఎడం వుండాలో అడిగి తెలుసుకోండి. అమాక్సిసిలిన్‌కు పాలతో యిబ్బంది లేదు. అందుకే అన్నిటికీ ఒకే సూత్రం చెప్పలేం. మంచినీళ్ళతో మింగితే దేనికీ పేచీ లేదు. డాక్సీసైక్లిన్ గొట్టం అయితే నిండు గ్లాసు నీళ్ళతో మింగి, అరగంట సేపు పడుకోకుండా కూర్చోవాలి. లేకపోతే అది అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది.

పిల్లల సిరప్పు సీసాలో పొడి వుంటుంది. కాచి, పూర్తిగా చల్లార్చిన నీళ్ళు గీత దాకా పొయ్యాలి. వేడినీళ్ళు మందును పాడుచేస్తాయి. ఇచ్చేముందు ప్రతిసారీ బాగా కలిపితేగాని అడుగున మందంతా కదలదు. కొలతకు సీసాతో వచ్చిన మూతే వాడండి; వంటింటి చెంచాలు ఒక్కో యింట్లో ఒక్కో సైజు. కలిపిన సిరప్పు ఎన్నాళ్ళు నిలవ వుంటుందో సీసా మీద రాసి వుంటుంది, చాలావాటికి వారమే. ఆ తర్వాత ఎంత మిగిలినా అది మందు కాదు.

డాక్టరుకు చెప్పవలసినవి మనమే గుర్తుపెట్టుకుని చెప్పాలి. గర్భిణీ అయినా, పాలిచ్చే తల్లి అయినా, ఎప్పుడైనా పెన్సిలిన్ పడక దద్దుర్లు వచ్చివున్నా ముందే చెప్పండి. టెట్రాసైక్లిన్ పడితే పుట్టబోయే బిడ్డకూ, చిన్నపిల్లలకూ పళ్ళ మీద శాశ్వతంగా మరకలు పడతాయి. మందు వేసుకున్నాక ముఖం, పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, ఫోనుల్లో సలహాలు అడుగుతూ కూర్చోకూడదు. కొంచెం పలచగా విరేచనం అవటం మామూలే. రక్తం పడినా, ఆగకుండా అయినా డాక్టరుకు చెప్పి తీరాలి.

మందుల షాపులో అట్ట కత్తిరించి నాలుగు బిళ్ళలు ఇస్తే, పేరూ, గడువు తేదీ వున్న ముక్క మీ చేతికి వచ్చిందో లేదో చూసుకోండి. అట్ట వెనక నిలువుగా ఎర్రగీత వుంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ గీత గురించి ప్రచారం మొదలుపెట్టింది. చీటీ చూపకుండానే ఇచ్చే షాపులు మన వీధిలోనే వున్నాయి, అది నిజమే. ఇస్తారు కదా అని మనం అడగకుండా వుంటే సగం పని అయినట్టే.

ఇంతా చేసి, డాక్టరు మందు మార్చటం వల్లనో, మధ్యలో ఆపమనటం వల్లనో కొన్ని బిళ్ళలు మిగిలాయనుకోండి. వాటిని సింకులో పొయ్యకండి, పనిమనిషికీ పక్కింటివాళ్ళకూ ఇవ్వకండి. అట్టల్లోంచి తీసి, వాడేసిన టీపొడిలో కలిపి, పొట్లం కట్టి, మందులని చెప్పి చెత్తబండి అతనికి విడిగా ఇవ్వండి. ఆ డబ్బాను ఈ ఆదివారమే దించి చూడండి.