గేర్‌బాక్స్ బిగించే ముందు ఆ లీటరు ఆయిల్ పోశారా?

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఆటోమేటిక్ బండ్లు నడిపి వచ్చినవాళ్లు ఇక్కడ కూడా క్లచ్ తొక్కే పని లేని కారే కావాలంటారు. అలా ఇన్నోవా క్రిస్టా లాంటి సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ బండి ఇంటికొస్తుంది. గేర్‌బాక్స్ దించే రిపేరు వచ్చిందంటే మాత్రం ఖర్చు మామూలుగా ఉండదు. అంత డబ్బు పోసి బాగు చేయించిన గేర్‌బాక్స్ మొదటి స్టార్ట్‌లోనే దెబ్బతినడానికి ఒక్క తొందరపాటు చాలు. అదే టార్క్ కన్వర్టర్‌ను ఖాళీగా బిగించేయడం.

మాన్యువల్ బండిలో క్లచ్ ఉండే చోట ఇందులో ఈ కన్వర్టర్ ఉంటుంది. లోపల ఎదురెదురుగా రెక్కల చక్రాలుంటాయి. ఇంజిన్ తిప్పే చక్రం ఆయిల్‌ను విసిరితే ఆ ఉరవడికి రెండోది తిరుగుతుంది. ఆయిల్ లేకపోతే ఇంజిన్ ఎంత అరిచినా బండి కదలదు.

అసలు చిక్కు ఆయిల్ పంపు దగ్గరుంది. చాలా గేర్‌బాక్సుల్లో ఆ పంపును తిప్పేది కన్వర్టర్ మెడే. ఖాళీ కన్వర్టర్‌తో స్టార్ట్ చేస్తే పంపు ముందు దాన్ని నింపాలి. ఈలోగా కింద పాన్‌లో ఆయిల్ పడిపోయి పంపు గాలి పీలుస్తుంది. ఆ కాసేపూ పంపు, బుష్, సీలు పొడిగా రాసుకుంటాయి.

అందుకే కన్వర్టర్‌ను మెడ పైకి ఉండేలా నేలమీద పెట్టి, సుమారు లీటరు ఆయిల్ మెల్లగా పోయాలి. గాలి బయటికి రావాలి కాబట్టి కాస్త పోసి, తిప్పి, ఆగి మళ్లీ పోయాలి. నిండా పోసినా లాభం లేదు, నిలబెట్టి ఎక్కించేటప్పుడు ఒలికిపోతుంది. పాత గేర్‌బాక్స్ కాలిపోయి ఉంటే అదే కన్వర్టర్ వాడొద్దు. దాని లోపల ఇనుప పొడి చేరి ఉంటుంది, కొత్త ఆయిల్‌తో కలిసి మళ్లీ తిరుగుతుంది.

ఎక్కించేటప్పుడు తిప్పుతూ లోపలికి నెట్టాలి. షాఫ్ట్ పళ్లు, పంపు గాడి ఒక్కొక్కటిగా పట్టుకుంటూ కన్వర్టర్ మెట్లు దిగినట్టు లోపలికి జారుతుంది. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు ఆనించాక కన్వర్టర్‌కూ ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య కొద్దిపాటి ఖాళీ మిగలాలి. చాలా బండ్లకు అది కొన్ని మిల్లీమీటర్లు, ఖచ్చితమైన లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. ఖాళీ లేదంటే కన్వర్టర్ పూర్తిగా కూర్చోలేదన్నమాట. బోల్టులు బిగించి లాగితే పంపు పగులుతుంది. ఈ ఒక్క చోట మెకానిక్ భాయ్ కాస్త టైమ్ తీసుకుంటే సణగకూడదు.

స్టార్ట్ చేశాక కన్వర్టర్ ఇంకొంత ఆయిల్ తాగుతుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే కలుపుతూ పోయి, వేడెక్కాక కంపెనీ చెప్పిన పద్ధతిలో మట్టం చూడాలి. ఆయిల్ కూడా ఆ బండికి చెప్పిన రకమే పోయాలి. సీవీటీ ఆయిల్ వేరు, మామూలు ఏటీఎఫ్ వేరు.

ఏఎంటీ కార్లవాళ్లకు ఈ గొడవే లేదు. వాటిలో కన్వర్టర్ ఉండదు, మామూలు క్లచ్చే ఉంటుంది, కాకపోతే దాన్ని మిషన్ తొక్కుతుంది.