విటమిన్‌ డి పరీక్షలు రెండు: చీటీలో అంకె మారితే జబ్బు దాగుతుంది!

కవిటి (శ్రీకాకుళం జిల్లా): కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడే ఉద్దానం ప్రాంతాన్ని మూత్రపిండాల జబ్బు ఎంతగా కుంగదీసిందో వేరే చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో అక్షరం ముక్క రాని వారికి కూడా క్రియాటినైన్‌ అనే మాట తెలుసు. ఒళ్లంతా పీకుతోందని, నడుము నిలవడం లేదని ఆసుపత్రికి వెళ్లిన వారికి ఇప్పుడు మరో పేరు కూడా వినబడుతోంది. అదే విటమిన్‌ డి రక్త పరీక్ష. ఆ పేరుతో ఉన్నది ఒక పరీక్ష కాదు, రెండు. ఈ సంగతి తెలియక డబ్బు పోగొట్టుకోవడమే గాక, ఉన్న జబ్బు లేదనుకొని ఊరుకునే ప్రమాదం కూడా ఉంది.

మొదటి దాని పేరు 25 హైడ్రాక్సీ విటమిన్‌ డి. రెండవ దాని పేరు 1,25 డైహైడ్రాక్సీ విటమిన్‌ డి. చీటీ మీద చూస్తే ఒక్క అంకె తేడా. శరీరంలో మాత్రం అవి చెప్పే విషయాలు వేరు వేరు.

ఎండ నుంచి ఎముక దాకా

ఎండ తగిలినప్పుడు చర్మంలో తయారయ్యే విటమిన్‌ డి నేరుగా పనికి రాదు. అది ముందు కాలేయానికి చేరి 25 హైడ్రాక్సీ రూపం పొందుతుంది. ఇది నిల్వ సరుకు. రెండు మూడు వారాల వరకు రక్తంలో నిలుస్తుంది. అక్కడి నుంచి మూత్రపిండాలకు చేరి 1,25 డైహైడ్రాక్సీ రూపంలోకి మారుతుంది. దీనినే కాల్సిట్రయాల్‌ అంటారు. తిన్న తిండిలోని కాల్షియాన్ని పేగుల నుంచి రక్తంలోకి లాగే పని చేసేది ఈ చురుకైన రూపమే. ఇది కొద్ది గంటలలోనే సగానికి తరిగిపోతుంది. రక్తంలో ఉండేది కూడా బహు స్వల్పం. నిల్వ రూపాన్ని నానోగ్రాములలో, అంటే గ్రాములో 100 కోట్ల వంతులలో కొలిస్తే, చురుకైన రూపాన్ని అందులో వెయ్యో వంతయిన పికోగ్రాములలో కొలవాలి.

చురుకైన రూపం మూత్రపిండాలలో తయారవుతుందని 1970లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రేజర్‌, కోడిచెక్‌ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మూత్రపిండాలు తీసివేసిన ఎలుకలలో ఆ పదార్థం పుట్టలేదు. దాని నిర్మాణం 1971లో తేలింది. రక్తంలో దానిని కొలిచే పద్ధతిని 1974లో అమెరికాలో హాస్లర్‌ బృందం ప్రకటించింది. ఇందుకు కోడిపిల్లల పేగుల నుంచి తీసిన పదార్థాన్ని వాడారు. ఇప్పుడు యంత్రాలు మారినా, ఈ పరీక్ష చిన్న ఊళ్లలో జరిగేది కాదు. రక్తం నమూనా పెద్ద నగరాలకు పోవాలి. ఖరీదు కూడా మొదటి పరీక్ష కన్న ఎక్కువే.

చెరువు ఎండినా కాలువ పారుతుంది

ఖరీదు ఎక్కువైన పరీక్షే మంచిదని, "చురుకైన రూపం" అన్నారు గనుక అదే అసలైనదని అనుకోవడం సహజం. చిక్కంతా ఇక్కడే ఉంది. ఊరి చెరువును తలచుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. 25 హైడ్రాక్సీ చెరువులో నీరు. 1,25 డైహైడ్రాక్సీ తూము దాటి కాలువలో పారే నీరు. చెరువు అడుగంటుతుంటే తూము దగ్గరి మనిషి తలుపు మరింత పైకెత్తి పొలాలకు నీరు తగ్గకుండా చూస్తాడు. కాలువను మాత్రమే చూసిన వాడికి చెరువు నిండుగా ఉన్నట్లే తోస్తుంది.

శరీరంలో ఆ తూము మనిషి పని చేసేవి మెడలో బియ్యపు గింజంత ఉండే పారాథైరాయిడ్‌ గ్రంథులు. విటమిన్‌ డి నిల్వ తగ్గి, రక్తంలో కాల్షియం తగ్గే సూచన కనబడగానే ఇవి మూత్రపిండాలను తొందరపెట్టి చురుకైన రూపాన్ని ఎక్కువగా చేయిస్తాయి. మరోవంక ఎముకలలోని కాల్షియాన్ని కూడా కరిగిస్తాయి. ఫలితంగా ఎముకలు గుల్లబారుతున్న మనిషికి కూడా 1,25 పరీక్షలో అంకె మామూలుగానో, ఒక్కొక్కప్పుడు మామూలు కన్న హెచ్చుగానో వస్తుంది. "అంతా బాగానే ఉంది" అనుకొని ఇంటికి పోయిన రోగి నొప్పులతోనే బతుకు ఈడుస్తాడు.

అందుకే విటమిన్‌ డి లోపం ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి 25 హైడ్రాక్సీ పరీక్షే చేయించాలి. అందులో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కన్న తక్కువ ఉంటే లోపమని చాలామంది వైద్యులు లెక్కిస్తారు. పగలంతా ఎండలో పనిచేసే పల్లె వారికి ఈ లోపం రాదనుకోవడం కూడా పొరపాటే. గ్రామీణులలో సైతం ఇది విస్తారంగా ఉందని తిరుపతి వైద్యుల పరిశోధన 2007లోనే వెల్లడించింది. వారి తిండిలో కాల్షియం తక్కువని కూడా అందులో తేలింది.

మూత్రపిండం చెడితే

ఉద్దానం వంటి చోట కథ మరో మలుపు తిరుగుతుంది. ఇక్కడ చెరువులో నీరున్నా తూమే పాడవుతుంది. మూత్రపిండాలు క్షీణించిన కొద్దీ చురుకైన రూపం తయారీ తగ్గుతుంది. భాస్వరం పేరుకుంటుంది. పారాథైరాయిడ్‌ గ్రంథులు రెచ్చిపోయి ఎముకలను పిండుతాయి. పలాస, సోంపేట, కవిటి కేంద్రాలలో డయాలసిస్‌ చేయించుకునే వారికి సూది, గొట్టాల బాధకు తోడు ఎముకల బాధ కూడా పొంచి ఉండేది ఇందువల్లనే.

అయినా వీరికి కూడా 1,25 పరీక్ష మాటిమాటికీ అవసరం లేదు. మూత్రపిండాల వైద్యులు సాధారణంగా చూసేవి కాల్షియం, భాస్వరం, పారాథైరాయిడ్‌ హార్మోను, ఆల్కలైన్‌ ఫాస్ఫటేజ్‌, వీటితోపాటు 25 హైడ్రాక్సీ. కాల్షియం ఎక్కువగా ఉన్నవారికి, మూత్రపిండాల పని తగ్గినవారికి తప్ప 1,25 పరీక్షను మామూలుగా రాయవద్దని అమెరికాలోని ఎండోక్రైన్‌ సొసైటీ 2013లో వైద్యులకు సలహా ఇచ్చింది. కారణం తెలియకుండా రక్తంలో కాల్షియం పెరిగినప్పుడు ఈ పరీక్ష నిజంగా అక్కరకు వస్తుంది. సార్కాయిడోసిస్‌, క్షయ వంటి జబ్బులలో మూత్రపిండాలతో నిమిత్తం లేకుండానే చురుకైన రూపం తయారై కాల్షియాన్ని పెంచుతుంది. మామూలు మందులకు లొంగని రికెట్స్‌తో దొడ్డికాళ్లు వచ్చిన పిల్లలలో కారణం పట్టుకోవడానికి కూడా ఇది ఉపయోగపడుతుంది.

సొంత వైద్యం వద్దు

కాల్సిట్రయాల్‌ మందుగా 1978లో అమెరికాలో అనుమతి పొందింది. సరైన రోగికి అది ప్రాణాధారమే. పక్కింటివారు మింగుతున్నారని తానూ మింగితే మాత్రం కాల్షియం హద్దు మీరుతుంది. వికారం, మలబద్ధకం, విపరీతమైన దాహం, మగత దీనికి గుర్తులు. పెరిగిన కాల్షియం రక్తనాళాలలో పేరుకుంటుంది. ఉన్న కాస్త మూత్రపిండాన్నీ దెబ్బతీస్తుంది. మందుల దుకాణంలో దొరికే 60,000 యూనిట్ల పొట్లం కూడా అంతే. వారానికి ఒకటి చొప్పున రాసిన దానిని రోజూ వేసుకుని ప్రమాదం తెచ్చుకున్న వారున్నారు.

కూలి డబ్బులో మిగుల్చుకున్న రూపాయితో పరీక్షకు వచ్చే రోగి, చీటీ మీద ఏ అంకె ఉందో డాక్టరును అడిగి తెలుసుకోవడం తప్పు కాదు. "ఇది నిల్వ చూసే పరీక్షా, చురుకైన రూపం చూసే పరీక్షా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఈ రెండు పేర్లనూ, ఏది ఎవరికి అవసరమో వివరిస్తూ ఆసుపత్రులలో, పరీక్షా కేంద్రాలలో తెలుగులో బోర్డులు పెట్టవలసిన అవసరం ఎంతైనా ఉంది. జబ్బుతోనే సగం చితికిపోయిన కుటుంబాలకు ఈపాటి సాయం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.